మందు చీటీలో నడక కూడా రాయించండి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

అంతర్వేది నుంచి ఒక రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు నమస్కరించి రాసుకునే బహిరంగ లేఖ.

అయ్యా,

నడిస్తే ఆయాసం వచ్చే జబ్బు ఉన్నవాళ్ళని ఆస్పత్రిలో నడిపించమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. వినగానే ఇదేం విడ్డూరం అనిపిస్తుంది. మా ఇంట్లో వాళ్ళకీ అలాగే అనిపించింది. అందుకే సంగతి మొదటి నుంచీ చెబుతాను.

నేను డాక్టర్ని కాను. జిల్లా పరిషత్తు హైస్కూళ్ళలో పిల్లల్ని పరిగెత్తించి, కబడ్డీ ఆడించి జీతం తీసుకున్నవాణ్ణి. ఈల, స్టాప్‌వాచీ, కొలత టేపు నా పనిముట్లు. మా మేనకోడలికి పల్మనరీ ఆర్టీరియల్ హైపర్‌టెన్షన్ అనే జబ్బు ఉంది. డాక్టర్లు పొట్టిగా పీఏహెచ్ అంటారు, నేనూ అలాగే రాస్తాను. ఆ అమ్మాయి పేరు మాత్రం రాయను. తను రాయమన్నంత వరకే రాస్తున్నాను.

చేతికి పట్టీ చుట్టి చూసే బీపీ వేరు, ఇది వేరు. గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తులకి రక్తం తీసుకెళ్ళే ధమనుల్లో పెరిగే పోటు ఇది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి అక్కడ సగటు ఒత్తిడి 14 మిల్లీమీటర్ల పాదరసం దగ్గర ఉంటుంది. 20 దాటితే పెరిగినట్టు లెక్క. పీఏహెచ్‌లో ఆ సన్నని ధమనుల గోడలు లోపలికి మందమెక్కి దారి ఇరుకైపోతుంది. పూడిక తీయని పంట కాలవలోకి లాకులెత్తి నీళ్ళు వదిలితే ఏమవుతుందో కోనసీమ రైతుకి చెప్పక్కర్లేదు. ఇక్కడ ఆ ఒత్తిడంతా గుండె కుడి గది మీద పడుతుంది. కొన్నాళ్ళు అది కండ పెంచుకుని నెట్టుకొస్తుంది. తర్వాత సాగిపోతుంది. కాళ్ళకి నీరు దిగుతుంది, పొట్ట ఉబ్బుతుంది, నాలుగడుగులు వేగంగా వేస్తే కళ్ళు తిరుగుతాయి. కొందరికి కారణం తెలియదు, కొందరికి వంశంలో వస్తుంది. చర్మం బిగుసుకుపోయే స్క్లెరోడెర్మా లాంటి జబ్బులున్న వాళ్ళకి వస్తుంది. పుట్టుకతో గుండెలో రంధ్రం ఉండి చిన్నప్పుడు మూయించుకోని వాళ్ళకీ వస్తుంది.

మా అమ్మాయికి రెండో కానుపయ్యాక మొదలైంది. రక్తం తక్కువన్నారు, ఐరన్ మాత్రలిచ్చారు. బీపీ చూశారు, బ్రహ్మాండంగా ఉందన్నారు. ఉండదా మరి? దండకి చుట్టిన పట్టీకి ఊపిరితిత్తుల్లో పోటు ఎలా తెలుస్తుంది? ఒక పొద్దున్న కల్లాపి బకెట్టు ఎత్తబోయి వాకిట్లోనే పడిపోయింది. అప్పుడు ఎకో తీశారు. ఆ తర్వాత పెద్ద ఊరి ఆస్పత్రిలో సన్నని గొట్టం గుండె కుడివైపుకి పంపి, లోపలి ఒత్తిడి కొలిచి జబ్బు ఖాయం చేశారు. ఎకో అనుమానం చెబుతుంది, నిర్ధారణ మాత్రం ఆ గొట్టం పరీక్షదే. ఇంకో కానుపు ప్రాణం మీదకి తెస్తుందని, ఆ మాట భార్యాభర్తలిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పారు. ఆ పని చేసిన డాక్టరమ్మకి ఇక్కణ్ణుంచే దండం పెడుతున్నాను, ఎందుకంటే మా వైపు ఇలాంటి మాట మగవాడికి చెప్పేవాళ్ళు తక్కువ.

మందులున్నాయి. ఇప్పుడున్నాయి గానీ 1990ల మధ్య దాకా ఈ జబ్బుకని చెప్పుకోదగ్గ మందు లేదు. అమెరికాలో 1980ల్లో నమోదు చేసిన రోగుల లెక్క ప్రకారం, అప్పట్లో జబ్బు తేలిన తర్వాత సగం మంది మూడేళ్ళు నిండకుండానే పోయేవారు. ఇవాళ సిల్డెనాఫిల్, టాడలాఫిల్, బోసెంటాన్, ఆంబ్రిసెంటాన్ మాత్రలు మన దేశంలోనే తయారవుతున్నాయి. సిల్డెనాఫిల్ అంటే మీకు తెలియంది కాదు, వయాగ్రాలో ఉన్న మందే. ఊపిరితిత్తుల ధమనుల్నీ అదే సడలిస్తుంది. రోజుకి మూడు పూటలా వేసుకోవాలి. మా అమ్మాయి చీటీ పట్టుకెళ్తే మందుల షాపు కుర్రాడు చీటీ చూసి, ఆ అమ్మాయిని చూసి, పక్కవాడికి చూపించి నవ్వాడు. అప్పటి నుంచీ మందులు తేవడం నా పని. ముసలాడు సిల్డెనాఫిల్ అడిగితే వాళ్ళకి ఇంకా నవ్వొస్తుంది, నవ్వుకోనివ్వండి.

నా ఫిర్యాదు మందుల మీద కాదు. చీటీ కింద రాసిన ఒక్క మాట మీద: పూర్తి విశ్రాంతి.

ఆ మాటని ఆ అమ్మాయి అత్తింట్లో వేదంలా పాటించారు. అత్తగారు పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. మొగుడు నీళ్ళ టిన్ను తెచ్చి గ్లాసుతో అందించేవాడు. పిల్లల్ని బడికి దింపడం ఆడపడుచు చూసుకుంది. వసారాలో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి, పొద్దున్న కూర్చోబెడితే మధ్యాహ్నం భోజనానికి లేపేవారు. అంత ప్రేమగల కొంప అది. ఆరు నెలలు తిరిగేసరికి తొడలు సన్నబడిపోయాయి. జబ్బు తేలిన రోజున వీధి చివరి దాకా నడవగలిగిన పిల్ల, వసారా నుంచి నూతి దగ్గరికి వెళ్ళడానికి గోడ పట్టుకుంది. మందు పనిచేయడం లేదనుకున్నాం. మళ్ళీ ఎకో తీస్తే, చిత్రం, గుండె మునుపటి కన్నా మెరుగ్గానే ఉంది.

వాడని కండ రక్తంలోంచి ప్రాణవాయువుని సరిగ్గా తీసుకోలేదు. చిన్న పనికే అలసి, ఇంకా గాలి కావాలని ఊపిరిని తరుముతుంది. పీఏహెచ్‌లో తొడ కండలే కాదు, ఊపిరి తీసే కండలూ బలహీనపడతాయని వైద్యులు గమనించారు. అంటే మా అమ్మాయి ఆయాసంలో కొంత ధమనులది, కొంత కుర్చీది. ధమనులది తగ్గించడానికి మందులున్నాయి. కుర్చీది తగ్గించడానికి ఏ మాత్రా లేదు.

పూర్తి విశ్రాంతి రాసిన డాక్టరుని నేను తప్పుపట్టను. ఇరవై ఏళ్ళ కిందటి దాకా ప్రపంచమంతా అదే చెప్పేది. వ్యాయామంలో ధమనుల పోటు ఇంకా పెరుగుతుంది, కుడి గుండె తట్టుకోలేక మనిషి కుప్పకూలుతాడు అనే భయం. ఆ భయం ఉత్తిది కాదు. అయినా 2006లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ వైద్యులు ధైర్యం చేశారు. మందులు స్థిరంగా వాడుతున్న 30 మంది రోగుల్ని తీసుకుని, సగం మందికి శిక్షణ ఇచ్చారు, సగం మందిని మామూలుగా వదిలారు. మొదటి మూడు వారాలు ఆస్పత్రిలోనే ఉంచి చేయించారు, తర్వాత 12 వారాలు ఇంటి దగ్గర. 15 వారాలయ్యాక ఆరు నిమిషాల్లో నడిచే దూరం కొలిస్తే, రెండు జట్ల మధ్య తేడా సగటున 111 మీటర్లు వచ్చింది. ఏదైనా కొత్త మాత్ర అంత తేడా చూపిస్తే పత్రికల్లో మొదటి పేజీకెక్కేది. నడక గనక ఎక్కలేదు.

వాళ్ళు చేయించినదేమిటో చదివాక డ్రిల్లు మాస్టారుగా నాకు ఒళ్ళు పులకరించింది. కదలని సైకిల్ మీద అర నిమిషం తేలిగ్గా, ఒక నిమిషం కాస్త బరువుగా, మళ్ళీ తేలిగ్గా. అలా రోజుకి పది నిమిషాలతో మొదలుపెట్టి పాతిక దాకా. చేతులకి అర కిలో నుంచి కిలో డంబెల్సు, ఒక్కోసారి ఒక్కో కండకి మాత్రమే. చదునైన నేల మీద నడక. ఊపిరి కసరత్తు. నాడి 120 దాటకూడదు, రక్తంలో ప్రాణవాయువు 85 శాతం కిందికి దిగకూడదు. మేం పరుగు పిల్లలకి ఇంటర్వెల్ ట్రైనింగ్ అని చేయించేది ఇదే కదండీ! ఆ పద్ధతికి ఒక రూపం వచ్చింది కూడా జర్మనీలోనే. 1930ల్లో వోల్డెమార్ గెర్ష్లర్ అనే కోచ్, హెర్బర్ట్ రైండెల్ అనే గుండె డాక్టరు కలిసి దాన్ని తీర్చిదిద్దారు. గెర్ష్లర్ శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో మిలాన్‌లో 800 మీటర్లు 1 నిమిషం 46.6 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు పెట్టాడు. ఆ హార్బిగ్‌ని పరిగెత్తించిన సూత్రమే, కొలత బాగా తగ్గించి, వాకిట్లో పడిపోయిన మా అమ్మాయికి పనికొచ్చింది. ట్రైనింగ్ కాలేజీలో మాకు ఈ పాఠం చెప్పిన సారు బతికుంటే వెళ్ళి చెప్పేవాణ్ణి.

ఒక్క ఆస్పత్రి మాట, 30 మంది లెక్క నమ్మి ప్రభుత్వాన్ని డబ్బు పెట్టమనను. 2021లో యూరప్‌లోని 10 దేశాల్లో 11 కేంద్రాలు కలిసి 116 మంది మీద ఇదే పద్ధతి పరీక్షించాయి. అక్కడ తేడా 34 మీటర్లు. హైడెల్‌బర్గ్ అంత రాలేదు గానీ, అలవాటు లేని కొత్త కేంద్రాల్లో కూడా పద్ధతి పనిచేసింది, రోగులు తట్టుకున్నారు. నాకు 111 కన్నా ఈ 34 మీదే గురి ఎక్కువ. 2022లో యూరప్ గుండె వైద్యుల సంఘం, శ్వాసకోశ వైద్యుల సంఘం కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో, మందులు వాడుతున్న పీఏహెచ్ రోగులకి పర్యవేక్షణలో వ్యాయామ శిక్షణ ఇవ్వాలని గట్టి సిఫారసుల వరసలోనే చేర్చారు. జబ్బు నయమవుతుందని ఎవరూ అనలేదు. ఆయుష్షు పెరుగుతుందని కూడా రుజువు కాలేదు. నడిచే దూరం పెరుగుతుంది, బతుకు కాస్త సుఖంగా ఉంటుంది. వసారా కుర్చీలో కూర్చున్న మనిషికి అది చిన్న సంగతి కాదు.

పెద్ద ఊళ్ళో ఒక ఫిజియోథెరపిస్టు దగ్గర మా అమ్మాయికి ఆ శిక్షణ దొరికింది. చుట్టాలింట్లో కొన్ని వారాలు ఉండి నేర్చుకొచ్చింది. తోడు నేను వెళ్ళాను. మొదటి రోజు ఆరు నిమిషాల నడక పరీక్ష పెట్టారు. అది చూస్తుంటే నాకు మా కూపర్ టెస్టు గుర్తొచ్చింది. కెన్నెత్ కూపర్ అనే అమెరికన్ వైమానిక దళం డాక్టరు 1968లో పెట్టిన పన్నెండు నిమిషాల పరుగు అది. దాన్ని ఊపిరి జబ్బుల వాళ్ళ కోసం నడకగా మార్చి, 1982లో ఆరు నిమిషాలకి కుదించారు. 30 మీటర్ల చదునైన వరండా, రెండు చివర్లా రెండు గుర్తులు, ఒక కుర్చీ, ఒక స్టాప్‌వాచీ. పరిగెత్తకూడదు. ఆయాసమొస్తే ఆగి గోడకి ఆనుకోవచ్చు, వాచీ మాత్రం ఆగదు. పరీక్ష పెట్టేవాళ్ళు పక్కనే నడవకూడదు, నడిస్తే రోగి వాళ్ళ వేగం అందుకోవాలని చూస్తుంది. నిమిషానికోసారి ఒకే రకం మాట, ఒకే గొంతుతో చెప్పాలి. ఈలలు, కేకలు పనికిరావు. నా అలవాటు కొద్దీ "పద పద" అనబోతే ఫిజియో గారు నా వైపు ఒక చూపు చూశారు, నోరు మూసుకున్నాను.

440 మీటర్లు దాటితే ప్రమాదం తక్కువ, 165 లోపైతే చాలా ఎక్కువ. మా అమ్మాయి మధ్యలో ఉంది. నడుస్తుంటే వేలికి పెట్టిన యంత్రంలో అంకె 95 నుంచి మెల్లగా దిగుతూ 88 దగ్గర ఆగింది.

ఇంటికొచ్చేటప్పుడు ఒక కాగితం ఇచ్చారు, ఆయాసాన్ని సున్నా నుంచి పది దాకా ఎంతుందో చెప్పడానికి. స్వీడన్‌కి చెందిన గున్నార్ బోర్గ్ తయారుచేసిన కొలబద్ద అది. "తేలిక, ఒక మోస్తరు, తీవ్రం" అని రాసుంటే మా అమ్మాయికి నచ్చలేదు. పెన్ను తీసుకుని పక్కన తన మాటలు రాసుకుంది. రెండు: దేవుడి గది ఊడ్చినంత. నాలుగు: రేవు దాటించే పంటు దిగి గట్టెక్కినంత. ఏడు: తీర్థం రోజు తోపులాట. ఫిజియో గారు చూసి నవ్వి, నాలుగు దాటొద్దన్నారు. ఇంకో చిట్కా చెప్పారు. నడుస్తూ గోవింద నామాలు పైకి చెప్పుకోవాలి, నామం మధ్యలో తెగితే వేగం ఎక్కువైనట్టు, వెంటనే తగ్గించాలి. ఇప్పుడు తెల్లవారుజామున కాలవ గట్టు మీద గోవిందా గోవిందా అని వినిపిస్తే మా వీధిలో అందరికీ తెలుసు, ఎవరొస్తున్నారో.

అయ్యా, ఈ పనికి కోనసీమ కన్నా మంచి నేల ఎక్కడుంది? గోదావరి పరిచిన నేల, ఎగుడూ దిగుడూ లేదు. సముద్రమట్టంలో ఉన్నాం, గాల్లో ప్రాణవాయువుకి లోటు లేదు. కొండ ప్రాంతం రోగికి ఈ అదృష్టం ఉండదు. కానీ ఇక్కడా జాగ్రత్తలున్నాయి, అవి చెప్పేవాళ్ళే లేరు. అంతర్వేది వచ్చిన ప్రతివాళ్ళూ వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటికి, అన్నాచెల్లెళ్ళ గట్టుకి, నడిచి వెళ్ళాలనుకుంటారు. ఇసకలో కాలు దిగబడి ప్రతి అడుగుకీ రెట్టింపు శ్రమ, ఈ జబ్బున్న వాళ్ళకి అది పనికిరాదు. వేసవిలో తొమ్మిది దాటాక ఉక్కలో నడవకూడదు. సముద్రం ఒడ్డు ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పన గనక ఇంటింటికీ ఇరవై లీటర్ల టిన్ను కొంటాం. ఆ టిన్ను ఎత్తడం, ఊపిరి బిగబట్టి బరువు లేపడం, వీళ్ళకి నిషేధం. ఊపిరి బిగబట్టే ప్రాణాయామం కూడా వద్దన్నారు మా ఫిజియో గారు. ఇరుగుపొరుగు అమ్మలక్కలు నేర్పే కుంభకాల సంగతి ముందే తేల్చి చెప్పకపోతే ప్రమాదం. అర కిలో పంచదార పొట్లం డంబెల్ అవుతుంది, బిందె కాదు.

ఇక దూరం. పర్యవేక్షణలో శిక్షణ అంటే వారానికి కనీసం రెండు మూడుసార్లు వెళ్ళాలి. అంతర్వేది నుంచి రాజోలుకే గంట, అమలాపురానికి ఇంకో గంట. నర్సాపురం వెళ్ళాలంటే సఖినేటిపల్లి రేవులో పంటెక్కాలి. పోటెత్తినా, గోదారికి వరదొచ్చినా పంటు ఆగుతుంది. వంతెన మాట నా చిన్నప్పటి నుంచీ వింటున్నాను, అది ఈ ఉత్తరంలో అడగను, మీ శాఖ కాదు. కాకినాడ పెద్దాసుపత్రికో, విశాఖ కేజీహెచ్‌కో వారానికి మూడుసార్లు ఎవరెళ్తారు? వెళ్ళొచ్చేసరికి అయ్యే అలుపు, అక్కడ చేసిన వ్యాయామం మంచిని తినేస్తుంది. గుండె ఆపరేషన్ ఒక్కసారే, దానికి హైదరాబాదైనా అప్పు చేసి పోతాం. ఇది ఒక్కసారి చేయించుకునేది కాదు. మా అమ్మాయికి పెద్ద ఊళ్ళో చుట్టాలుండబట్టి జరిగింది. పల్లిపాలెంలో వల లాగే మనిషి కూతురికి ఆ చుట్టాలెవరు?

ఇక్కడ మీ అధికారులు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. ఇదెంత మందికి వచ్చే జబ్బని? నిజమే, అరుదైనదే. యూరప్ లెక్కల్లో 10 లక్షల మందిలో 15 నుంచి 50 మంది దాకా ఉంటారు. డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా ఏర్పడినప్పటి లెక్కల్లో జనాభా సుమారు 17 లక్షలు. ఆ లెక్కన పాతిక నుంచి 85 మంది. మన దగ్గర మూయించని గుండె రంధ్రాలు ఎక్కువ గనక ఇంకొందర్ని కలుపుకోవచ్చు. ఇంతమంది కోసం ఆస్పత్రిలో ఈ శిక్షణకి ఒక గదా, ఒక ఉద్యోగమా అంటారు.

ఆ గది వీళ్ళ ఒక్కరికే కాదు. కేరళలో 2,003 మంది రోగుల వివరాలతో ఒక రిజిస్ట్రీ తయారైంది. ఊపిరితిత్తుల పోటు ఉన్నవాళ్ళలో సగం మించి గుండె ఎడమవైపు జబ్బుల వాళ్ళే, పీఏహెచ్ వాళ్ళు ఐదో వంతు. చుట్ట పొగకీ పొయ్యి పొగకీ పాడైన ఊపిరితిత్తులు, టీబీ తగ్గినా మచ్చలు మిగిలిన ఊపిరితిత్తులు, వాల్వు మార్పించుకున్నవాళ్ళు, గుండె నీరసించినవాళ్ళు, స్టెంటు వేయించుకుని భయంతో మంచం దిగనివాళ్ళు, వీళ్ళందరికీ అదే వరండా, అదే సైకిల్, అదే వేలి యంత్రం కావాలి. ఎవరికెంత అనే హద్దులు మాత్రం వేరు, ఆ హద్దులు తెలిసిన మనిషే కావాలి. ఆ లెక్కన ఒక్క సఖినేటిపల్లి మండలం చాలు, మీ గది నిండడానికి.

అడిగేది ఇదీ. కొత్తగా తేలిన రోగికి మొదటి రెండు మూడు వారాలు కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో ఉంచి, మందులు కుదిరాయా లేదా చూసి, నడక పరీక్ష పెట్టి, ఎంత చేయాలో రాసిచ్చే ఏర్పాటు చేయండి. తోడొచ్చిన మనిషికి పడుకోవడానికి చోటు చూపించండి, చిన్నబిడ్డ తల్లి అయితే బిడ్డకీ. ఆ తర్వాత అమలాపురం ఏరియా ఆస్పత్రిలో, రాజోలు ప్రభుత్వ ఆస్పత్రిలో ఒక్కో ఫిజియోథెరపిస్టుకి ఈ పని నేర్పించి, వారంలో మూడు పూటలు దీనికే కేటాయించండి. ఎన్టీఆర్ వైద్య సేవ ఆపరేషన్ బల్లకీ స్టెంటుకీ డబ్బు కట్టినట్టే, ఈ శిక్షణ రోజులకీ కట్టాలి. లేకపోతే ఏ ఆస్పత్రీ దీన్ని పనిగా లెక్కేయదు. మధ్య రోజుల్లో ఇంటి దగ్గర చేసుకునేవాళ్ళకి ఏఎన్ఎం వారానికోసారి ఫోను చేసి నాలుగు ముక్కలు అడిగితే చాలు. కళ్ళు తిరిగాయా, ఛాతీ నొప్పొచ్చిందా, కాళ్ళు వాచాయా, బరువు పెరిగిందా? జర్మనీ వాళ్ళు చేసింది కూడా అంతే, ఇంటికి పంపి ఫోన్లు చేశారు.

తొందరపడి అందర్నీ నడవమని చాటింపు వేయించొద్దని కూడా వేడుకుంటున్నాను. ఈ శిక్షణలో కళ్ళు తిరిగి పడినవాళ్ళూ ఉన్నారు. ఈమధ్య స్పృహ తప్పిన మనిషికి, కూర్చున్నా ఆయాసమొచ్చే మనిషికి, మందులు మొదలుపెట్టి రెండు మూడు నెలలైనా కాని మనిషికి ముందు డాక్టరు, ఆ తర్వాతే వ్యాయామం. చేయించే గదిలో ప్రాణవాయువు సిలిండరు, పిలిస్తే పలికే డాక్టరు ఉండాలి. అవి లేకుండా బోర్డు ఒక్కటి కట్టి రిబ్బను కత్తిరించేటట్టయితే అసలు వద్దు.

ఇంకో చిన్న పని, దీనికి రూపాయి ఖర్చు లేదు. ఇంటింటికీ వచ్చి బీపీ, షుగరు చూస్తున్న మీ సిబ్బంది ఫారంలో ఒక ప్రశ్న చేర్పించండి: నడుస్తుంటే ఆయాసంగానీ, కళ్ళు తిరగడంగానీ ఉందా? రక్తం సరిపడా ఉండి, చేతి బీపీ బాగుండి, అయినా ఆయాసం ఉన్న ఆడమనిషిని ఐరన్ మాత్రలతో వెనక్కి పంపకుండా ఎకోకి పంపమనండి. కానుపైన కొత్తలో అయితే మరీ.

2025 జూన్ 21న విశాఖ సముద్రం ఒడ్డున లక్షల మందిని కూర్చోబెట్టి యోగా చేయించిన ప్రభుత్వం మనది. ఆ రోజు పరిచిన చాపల లెక్క చూస్తే నేనడిగిన కుర్చీ, టేపు, స్టాప్‌వాచీ ఏ పద్దులోనూ కనబడవు. ఒంట్లో బాగున్నవాళ్ళ చేత వ్యాయామం చేయించడం మన ప్రభుత్వాలకి బాగా అలవాటైంది, సంతోషం. ఒంట్లో బాగోలేని వాళ్ళ చేత చేయించడానికి ఇంకాస్త ఓపిక కావాలి, ఫోటోకి కూడా అంత బాగుండదు.

మా అంతర్వేది నరసింహస్వామి కల్యాణానికి మాఘమాసంలో ఏటా మంత్రులు, అధికారులు వస్తారు. గుడి చుట్టూ వైద్య శిబిరాలు పెడతారు. ఈసారి మీరొస్తే దర్శనమయ్యాక రాజోలు ఆస్పత్రి మీదుగా వెళ్ళండి, దారిలోనే ఉంది. 30 మీటర్లు ఎక్కడ కుదురుతాయో చూపించడానికి సూపరింటెండెంటు గారున్నారు. ఫిజియోథెరపిస్టుని శిక్షణకి ఎక్కడికి పంపాలో, ఎన్నాళ్ళు పంపాలో తేల్చి ఒక ఉత్తర్వు ఇప్పించండి. నడక పరీక్ష పెట్టడం నేర్చుకోవడానికి ఇక్కడి బళ్ళలో రిటైరైన డ్రిల్లు మాస్టర్లం చాలామందిమి ఖాళీగానే ఉన్నాం. వాచీ పట్టుకోవడానికి, దూరం రాయడానికి మేం జీతం అడగం. డాక్టరు చెప్పిన హద్దు దాటి ఒక్క అడుగూ వేయించం, "పద పద" అని కూడా అనం.

ఇట్లు,
తమ విధేయుడు,
రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు,
అంతర్వేది